వైన్ రంగంలోని మహిళలకు విడిగా సన్మానం అవసరమా? ఆస్ట్రేలియా విషయమై చర్చ

మాధవి, అడిలైడ్
అందరికీ నమస్కారం. ద్రాక్ష కోతలు ముగిశాక, అంటే వచ్చే మే నెలలో, ఇక్కడి తెలుగువాళ్లం కొందరం కలిసి ఆస్ట్రేలియా వైన్ రంగంలో పేరు తెచ్చుకొన్న మహిళల గురించి ఒక సాయంత్రం చిన్న ప్రదర్శన, ప్రసంగం ఏర్పాటు చేయాలనుకొంటున్నాము. ఈ రంగంలోని మహిళలకు విడిగా పురస్కారాలు ఇవ్వడం 2015లో జేన్ థామ్సన్ అనే ఆవిడ పూనికతో మొదలైంది. మా ఆలోచనకు మూలం అదే. మొదటి పలక మీద పామ్ డన్స్‌ఫర్డ్ గారిని ఉంచి, కింద "ఆస్ట్రేలియా మొదటి మహిళా వైన్‌మేకర్" అని రాశాము. 1883లో స్థాపించిన రోజ్‌వర్తీ వ్యవసాయ కళాశాలలో వైన్ తయారీ శాస్త్రం చదవడానికి ఒక మహిళ అడుగుపెట్టేసరికి 1972 వచ్చింది, ఆ మహిళ ఈవిడే. ఇలాంటి ప్రత్యేక సన్మానాలు అవసరమా, కావా అన్న ప్రశ్న మాలోనే తలెత్తింది కనుక మీ అభిప్రాయాలు కోరుతున్నాను. అవసరమేనని నా అభిప్రాయం.

కిరణ్, సిడ్నీ
మంచి ప్రయత్నం. తేదీ ఖరారైతే తెలియజేయండి, కుటుంబంతో సహా వస్తాము.

సత్యమూర్తి, మెల్‌బోర్న్
మాధవి గారూ, మీ ఉద్దేశం మంచిదే కానీ మొదటి పలకలోనే తప్పు దొర్లింది. డన్స్‌ఫర్డ్ రోజ్‌వర్తీలో చేరిన మొదటి మహిళ అన్నది నిజం. మొదటి మహిళా వైన్‌మేకర్ అన్నది నిజం కాదు. ఆవిడ కళాశాలలో చేరకముందే, 1960ల చివరిలో, ఆస్ట్రియా నుంచి వచ్చిన అర్సులా ప్రిడమ్ దక్షిణ ఆస్ట్రేలియాలో మారియన్‌బర్గ్ అనే సొంత వైనరీలో వైన్ చేసింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1844లో అడిలైడ్ పక్కన మాగిల్‌లో భర్తతో కలిసి దిగిన మేరీ పెన్‌ఫోల్డ్ ఉంది. ఒకరిని గౌరవించే పేరుతో ఇద్దరిని చరిత్రలోంచి తుడిచేయడం సన్మానం అనిపించుకోదు.

ఇక అసలు ప్రశ్న. విడి పురస్కారాలు అక్కర్లేదని నా అభిప్రాయం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మార్గరెట్ రివర్‌కు చెందిన వన్యా కలెన్ 2000 సంవత్సరంలో దేశంలోని వైన్‌మేకర్లందరితో పోటీపడి ఆ ఏటి ఉత్తమ వైన్‌మేకర్ అనిపించుకొంది. యారా యెరింగ్ వైనరీకి చెందిన సారా క్రో, వైన్ విమర్శకుడు జేమ్స్ హాలిడే పేరిట వచ్చే పుస్తకం వారి ఉత్తమ వైన్‌మేకర్‌గా 2017కు ఎంపికైంది. ఆడ మగ తేడా లేని పోటీలో నెగ్గినవారికి వేరే బల్ల వేసి కూర్చోబెట్టడం వారిని తగ్గించడమే.

మాధవి, అడిలైడ్
సత్యమూర్తి గారూ, మీరు చెప్పిన సారా క్రో, హాలిడే వారి ఆ గౌరవం పొందిన మొట్టమొదటి మహిళ. 2017 దాకా మొట్టమొదటి అనే మాట వాడవలసి రావడమే నా వాదనకు బలం. మేరీ పెన్‌ఫోల్డ్ గురించి నాకు తెలియక కాదు. ఆవిడ తోట యజమాని, వైద్యుడి భార్య, భర్త పోయాక వ్యాపారం చేతికి వచ్చిన మనిషి. ఆవిడను గౌరవిస్తాను. అయితే ఇంటిపేరు, భూమి, పెట్టుబడి లేకుండా కేవలం చదువుతో, పనితో లోపలికి వచ్చిన మొదటి మనిషి ఎవరన్నదే నా ప్రశ్న.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో కూడా చెబుతాను. చదువుకొనే రోజుల్లో ఒక వైనరీలో కోతల కాలానికి పనికి చేరాను, పేరు చెప్పను. పన్నెండు గంటల షిఫ్టు. నా పాదం అయిదో సైజు అయితే వారి దగ్గరున్న రబ్బరు బూట్లలో అతి చిన్నది ఎనిమిది. మూడు జతల మేజోళ్లు వేసుకొని, తడి నేల మీద జారుతూ గొట్టాలు లాగాను. ఎర్ర వైన్ దించేశాక ట్యాంకు అడుగున మిగిలే ద్రాక్ష పిప్పిని చిన్న తలుపులోంచి దూరి పారతో తోడాలి. ఆ పని నేర్చుకొంటానని అడిగితే, నా కన్నా రెండు వారాలు వెనక చేరిన అబ్బాయికి ఇచ్చి, నన్ను ప్రయోగశాలలో సీసాలు కడగమన్నారు. "నీ మంచికే" అన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మరుసటి ఏడు ఇంకొక చోట దరఖాస్తు చేస్తే, ట్యాంకు పని అనుభవం లేదని తీసుకోలేదు.

సుగుణ, కావలి
నేను ఈ వేదికలో చదివేదే ఎక్కువ, రాసేది తక్కువ. మాది నెల్లూరు జిల్లా. దూబగుంట రోశమ్మ గారి ఊరి నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో మా అమ్మ నడిచింది. సారా వేలం పాటలు ఆపించడానికి చీపుళ్లు పట్టుకొన్న ఆడవాళ్ల బిడ్డలం, మద్యం తయారుచేసే ఆడవాళ్లకు శాలువాలు కప్పడం ఏమిటన్నది నా సందేహం. ఆస్ట్రేలియాలో వైన్ అంటే అన్నంతో పాటు తాగేది అంటారు. మా ఊళ్లో "వైన్స్" అన్న బోర్డు కింద దొరికేది ఏమిటో అందరికీ తెలుసు.

మాధవి, అడిలైడ్
సుగుణ గారూ, మీ అమ్మగారికి నమస్కారం చెప్పండి. మీ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోను. కాకపోతే ఇక్కడ నేను అడుగుతున్నది తాగడం మంచిదా, చెడ్డదా అని కాదు. ఒక దేశంలో వేలమంది బతుకుతున్న వృత్తిలో ఆడవాళ్లకు చోటు ఎంత అన్నదే. వైన్ తయారీలో, ద్రాక్ష తోటల నిర్వహణలో ఆడవాళ్లు పది శాతం దరిదాపుల్లో ఉన్నారని ఆ పురస్కారాలు మొదలైన రోజుల్లో చెప్పుకొనేవారు.

సుగుణ, కావలి
మిగతా తొంభై శాతం కూడా మానేస్తే బాగుంటుందని మా అమ్మ అంటోంది.

కిరణ్, సిడ్నీ
అమ్మగారికి నా ఓటు. అయినా కార్యక్రమానికి వస్తాను.

సత్యమూర్తి, మెల్‌బోర్న్
మాధవి గారు నా ప్రశ్నను దాటవేశారు. మేరీ పెన్‌ఫోల్డ్ "వ్యాపారం చేతికి వచ్చిన మనిషి" మాత్రమేనా? డాక్టర్ పెన్‌ఫోల్డ్ గుర్రమెక్కి రోగుల ఇళ్లకు తిరుగుతుంటే తోట చూసింది ఎవరు? ఆయన 1870లో పోయాడు, ఆవిడ 1884 దాకా నడిపింది. 1874లో ఒక అడిలైడ్ పత్రిక విలేఖరి మాగిల్ వెళ్లి చూసి, అక్కడ వైన్ శ్రీమతి పెన్‌ఫోల్డ్ స్వయంగా దగ్గరుండి చేయిస్తుందనీ, కట్టుదిట్టమైన సూత్రమేదీ లేకుండా తన విచక్షణ, తన నాలుక చెప్పినట్టు కలుపుతుందనీ రాశాడు. 1881 నాటికి ఆ గోదాముల్లో ఉన్న వైన్ లక్షా ఏడు వేల గాలన్లు, దక్షిణ ఆస్ట్రేలియాలో నిల్వ ఉన్న మొత్తంలో ఇంచుమించు మూడో వంతు. దీన్ని వైన్‌మేకర్ పని అనకపోతే మరేమంటారు? పట్టా లేనంత మాత్రాన పని పని కాకుండా పోతుందా? కొంచెం చరిత్ర చదివి మాట్లాడాలి, అమ్మా మాధవీ.

మాధవి, అడిలైడ్
నన్ను "అమ్మా" అని పిలవవలసిన అవసరం లేదు. నేను మీ ఇంటి పిల్లను కాదు, చరిత్ర చదవకుండా ఇక్కడికి రాలేదు. మీరు తవ్వి తెచ్చిన చరిత్రనే చివరి దాకా చదవండి. ఆ మేరీ నిలబెట్టిన పెన్‌ఫోల్డ్స్ సంస్థలో 1948లో మాక్స్ షుబర్ట్ ముఖ్య వైన్‌మేకర్ అయ్యాడు. ఆయన తరవాత డాన్ డిట్టర్, ఆ తరవాత జాన్ డువాల్, 2002 నుంచి పీటర్ గాగో. నలుగురూ మగవారే. ఒక మహిళ కట్టిన ఇంట్లో ఆ కుర్చీ ఇన్ని దశాబ్దాలు ఇంకొక మహిళకు దక్కలేదు. ప్రతి సంస్థా గోడ మీద ఒక నాయనమ్మ బొమ్మ తగిలించి, "మా దగ్గర మొదటినుంచీ ఆడవాళ్లే" అని చెప్పుకొంటుంది. ఆ బొమ్మ కింద నిలబడి ఉద్యోగం అడిగితే బూట్లు సరిపోవు.

రఘు, వరంగల్
ఇద్దరూ ఒకే వైపు ఉన్నారనిపిస్తోంది, ఎందుకు పోట్లాడుకొంటున్నారో అర్థం కావడం లేదు.

విజయ, పెర్త్
రఘు గారూ, ఒకే వైపు కాదు. ఒకరు సొంత ఇంటి తోటలో పనిచేసినవారి గురించి, ఇంకొకరు గుమ్మం బయట ఆగిపోయినవారి గురించి మాట్లాడుతున్నారు. నేను మార్గరెట్ రివర్‌కు మూడు గంటల దూరంలో ఉంటాను కనుక ఒక మాట. కలెన్ కుటుంబం 1971లో తోట వేసింది. కెవిన్ వైద్యుడు, డయానా ఫిజియోథెరపిస్టు. 1981లో వైన్ బాధ్యత డయానా తీసుకొంది, 1989లో కూతురు వన్యా ముఖ్య వైన్‌మేకర్ అయింది. ఇప్పుడు వారి పేరుమోసిన ఎర్ర వైన్ సీసా మీద ఉండేది "డయానా మేడలిన్", తల్లి పేరు. దీన్ని ఏ పలక మీద పెడతారు? ఇంటి భూమి ఉంది కదా అని తీసేస్తారా, పని చేసింది కదా అని ఉంచుతారా?

మాధవి, అడిలైడ్
ఉంచుతాను. వన్యా పని గురించి నాకు సందేహం లేదు. ఇంట్లో పుట్టకుండా పైకి వచ్చిన యాలంబా సంస్థలో ముఖ్య వైన్‌మేకర్ స్థాయికి ఎదిగిన లూయిసా రోజ్‌ను, 1998 నుంచి కూనవారాలో విన్స్ వైన్‌లకు బాధ్యత వహించిన సూ హాడర్‌ను వన్యా కన్నా పెద్ద అక్షరాలతో రాస్తాను, అంతే.

సత్యమూర్తి, మెల్‌బోర్న్
"అమ్మా" అన్నందుకు క్షమించండి, మా వైపు అది మామూలు పిలుపు. అయినా ఆ వాక్యంలో నా గొంతు మంచిది కాదు.

మేరీ పెన్‌ఫోల్డ్ దగ్గర నేనెందుకు ఆగిపోతున్నానో చెబితే గానీ ఈ వాదన తెగదు. మాది మేడ్చల్ దగ్గర. నాకు ఊహ తెలిసేసరికి నాలుగెకరాల అనాబ్‌షాహి ద్రాక్ష పందిరి ఉండేది. నాన్న నా తొమ్మిదో ఏట పోయారు. ఆ తరవాత పన్నెండేళ్లు ఆ తోట మా అమ్మది. అక్టోబరు కటింగ్ ఏ తీగకు ఎన్ని కళ్ల (కణుపుల) మీద చేయాలో అమ్మే చూపించేది. గుత్తుల్లో సన్న కాయలను కత్తెరతో ఏరి తీసే ఆడకూలీల పక్కన తానూ తల పైకెత్తి పొద్దంతా నిలబడేది, రాత్రి మెడకు వేడి ఇసుక మూట కాపడం పెట్టుకొనేది. బూజు తెగులుకు మైలతుత్తం, సున్నం కలిపే బోర్డో మందును ఇంకొకరి చేత కలపనిచ్చేది కాదు. పాళ్లు తప్పితే ఆకు మాడుతుంది. కలిపిన రోజు అన్నం తినేటప్పుడు ఆవిడ గోళ్లు నీలంగా కనిపించేవి. (బోర్డో అన్నది ఫ్రాన్సులో వైన్‌కు పేరుపడ్డ ప్రాంతమని ఈ దేశం వచ్చాకే తెలిసింది, ఆవిడకు చెప్పే అవకాశం దొరకలేదు.) అంత చేసినా, బ్యాంకు అప్పు మా చిన్నాన్న పేరున. మంచి పంటకు ఒకసారి వచ్చిన మెచ్చుకోలు పత్రం ఆయన పేరున. ఎవరైనా వస్తే "ఈ తోట ఫలానావారిది, ఆయన పోయాక ఆవిడ చూసుకొంటోంది" అనేవారు. చూసుకొంటోంది! మీరు మేరీని "చేతికి వచ్చిన మనిషి" అన్నప్పుడు నాకు ఆ మాటే వినబడింది.

మాధవి, అడిలైడ్
ఇది ముందే చెప్పి ఉంటే ఆ మాట అలా రాసి ఉండేదాన్ని కాదు.

విజయ, పెర్త్
సత్యమూర్తి గారూ, మనసుకు తగిలేలా రాశారు. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ నాలుగెకరాలు ఇప్పుడు ఎవరి పేరున ఉన్నాయి?

సత్యమూర్తి, మెల్‌బోర్న్
ద్రాక్ష ఎప్పుడో తీసేశాము. భూమి మా అన్న పేరున, నా పేరున ఉంది.

విజయ, పెర్త్
అక్కచెల్లెళ్లు?

సత్యమూర్తి, మెల్‌బోర్న్
ఒక చెల్లెలు. నేను హైదరాబాదులో చదువుకొంటున్నప్పుడు అమ్మ పక్కన కత్తెర పట్టింది తనే. ఆడపిల్లలకు ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచే వచ్చిందని, దేశమంతటికీ 2005లో వచ్చిందని నాకు తెలుసు. తన పెళ్లి 1991లో. పెళ్లికి ఇచ్చినదే వాటా అనుకొన్నాము, తను కూడా అడగలేదు.

సుగుణ, కావలి
అడగలేదా, అడగనివ్వలేదా?

రఘు, వరంగల్
ఇది వ్యక్తిగత విషయం, చర్చ వైన్ గురించి కదా.

మాధవి, అడిలైడ్
రఘు గారూ, వైన్ గురించే. ఈడెన్ వ్యాలీలో హెన్ష్కే కుటుంబానిది హిల్ ఆఫ్ గ్రేస్ అనే తోట, అందులో 1860 ప్రాంతంలో నాటిన తీగలు ఇంకా కాస్తున్నాయి. సీసా మీద ఆ కుటుంబంలోని స్టీఫెన్ ఇంటిపేరు ఉంటుంది. ఆ ముదురు తీగల బాగోగులు చూసి, వాటిలో మేలైనవి ఏరి కొత్త మొక్కలు కట్టింది ఆయన భార్య ప్రూ. ఆవిడ ఆ ఇంట్లో పుట్టలేదు, తోటల శాస్త్రం చదువుకొంది. ఇంటి కోడలిగా లెక్కించాలా, చదువుకొన్న నిపుణురాలిగా లెక్కించాలా అన్నది నాకే తేలడం లేదు. నా గీత అంత తిన్నగా లేదని ఒప్పుకొంటున్నాను. విడి సన్మానం అక్కర్లేదన్న మీ మాటను మాత్రం, సత్యమూర్తి గారూ, ఒప్పుకోను. అందరి పోటీలో మీ అమ్మగారి పేరు ఎవరూ దరఖాస్తు చేసి ఉండేవారు కాదు.

డన్స్‌ఫర్డ్ పలక మీద "రోజ్‌వర్తీలో వైన్ శాస్త్రం చదివిన మొదటి మహిళ" అని మార్చాము. దాని ముందు మేరీ పెన్‌ఫోల్డ్‌కు ఒక పలక చేర్చి, "1870 నుంచి 1884 వరకు" అని రాశాము. ఆ పలక దగ్గర ఒక అయిదు నిమిషాలు మీరు మాట్లాడతారా? మీ అమ్మగారి గురించి చెప్పినా అభ్యంతరం లేదు.

సత్యమూర్తి, మెల్‌బోర్న్
వస్తాను. పలక మీద సంవత్సరం తప్పు. 1870 భర్త పోయిన ఏడు, ఆవిడ పని 1844లో మొదలైంది. అచ్చుకు ఇచ్చేలోపు దిద్దండి.