ఎంఎస్ అప్పు వాయిదాలు మొదలవుతున్నాయి, మాఘంలో పెళ్లి అంటున్నారు. లెక్క ఎలా వేసుకోవాలి?

ప్రశ్న (ఇర్వింగ్, టెక్సస్)

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఎంఎస్ కోసం వచ్చి రెండేళ్లు దాటింది. మొన్న మేలో చదువు పూర్తయింది. జూలై నుంచి ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ కొంతకాలం పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాను. పన్నులు పోను నెలకు 4,800 డాలర్లు చేతికి వస్తున్నాయి. ఇంటి అద్దెలో నా వాటా, తిండి, కారు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 1,900 అవుతోంది. బ్యాంకులో 6,000 డాలర్లు ఉన్నాయి.

చదువుకు 38 లక్షలు అప్పు చేశాం. వడ్డీ 11 శాతం. తాకట్టు ఏమీ పెట్టలేదు, నాన్న కో-అప్లికెంట్‌గా సంతకం చేశారు. వచ్చే నెల నుంచి ఈఎంఐ మొదలు.

ఇంతలో సంబంధం కుదిరింది. అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, ఇద్దరికీ నచ్చింది. మాఘంలో ముహూర్తం అంటున్నారు. పెళ్లి వాళ్లు చేస్తారు. నగలు, చీరలు, రిసెప్షన్, ప్రయాణాలు మావి. నాన్న వేసిన లెక్క 22 లక్షలు. "నువ్వు దిగులు పడకు, నేను చూసుకుంటాను" అంటున్నారు. మా పెద్ద మామయ్య మాత్రం కట్నం తీసుకుని అప్పు తీర్చేయమంటున్నారు. నాకు ఏదీ మింగుడుపడటం లేదు. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

జవాబు (న్యూజెర్సీ)

తమ్ముడూ, నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది 22 లక్షల అంకె కాదు. "నేను చూసుకుంటాను" అన్న మీ నాన్నగారి మాట. ఎందుకో చెబుతాను.

నా పెళ్లి 2017 ఫిబ్రవరిలో జరిగింది. అప్పటికి నా చదువు అప్పు సగం కూడా తీరలేదు. మా నాన్న కూడా ఇదే మాట అన్నారు. నేను నమ్మాను, నిజం చెప్పాలంటే నమ్మడమే హాయిగా ఉంది. పెళ్లయ్యాక ప్రతి నెలా ఈఎంఐకి అదనంగా కడుతూ, అప్పు త్వరగా తీరిపోతోందని సంతోషపడ్డాను. 2020 జనవరిలో సంక్రాంతికి ఊరు వెళ్లాను. కనుమ మర్నాడు పొద్దున్నే ఒక పెద్దమనిషి వచ్చి వరండాలో కూర్చున్నారు. అమ్మ టీ ఇచ్చి గబగబా లోపలికి వెళ్లిపోయింది. నాన్న బీరువా తెరిచి ఎల్ఐసీ కాగితాల కింద నుంచి ఒక పాత ప్రోనోటు తీశారు. దాని వెనక వైపు ఆయన దస్తూరీతో చెల్లు పద్దులు వరసగా ఉన్నాయి: 15,000, 20,000, 10,000. మూడేళ్లు నిండితే నోటుకు కాలదోషం పడుతుంది, అంటే కోర్టులో చెల్లదు కాబట్టి తిరగరాయడానికి వచ్చారాయన. నా పెళ్లికి తెచ్చింది 8 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి 24 శాతం. మూడేళ్లలో వడ్డీ 5 లక్షల 76 వేలు. నాన్న తన పింఛనులోంచి, మిరప పంట డబ్బులోంచి 3 లక్షల 76 వేలు కట్టారు. మిగిలిన 2 లక్షలు అసలులో కలిపి, నా కళ్ల ముందే 10 లక్షలకు కొత్త నోటు రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టారు. చెయ్యి కొంచెం వణికింది.

నేను అమెరికాలో 11 శాతం అప్పు మీద అదనంగా కడుతున్న మూడేళ్లూ ఊళ్లో 24 శాతం అప్పు పెరుగుతూ వచ్చింది. నాకు ముందే తెలిసి ఉంటే ఆ అదనపు డబ్బు ముందు నోటుకు పంపేవాడిని. నాన్న నాకు చెప్పలేదు, నేను ఆయనను అడగలేదు.

అందుకని అన్నిటికంటే ముందు చేయవలసింది ఇది. ఈ రాత్రే ఫోన్ చేసి "22 లక్షలు ఎక్కడి నుంచి తెస్తున్నారు నాన్నా? పేరు పేరునా చెప్పండి" అని అడుగు. చీటీ పాడుతున్నారా, పొలం కాగితాలు పెడుతున్నారా, చేబదులా, నోటా? తెలిసేవరకు ఫోన్ పెట్టకు. ఆయన తెచ్చే అప్పు కూడా నీ అప్పే. కట్టే చెయ్యి వేరు, అంతే.

ఇప్పుడు నీ లెక్క. నువ్వు 38 లక్షలు అన్నావు, కానీ నువ్వు కట్టబోయేది 38 మీద కాదు. సెమిస్టర్ సెమిస్టర్‌కూ విడుదలైన డబ్బు మీద మారటోరియం (వాయిదాలు మొదలుకాని) కాలమంతా వడ్డీ నడిచింది. నాలుగు సమాన వాయిదాల్లో తీసుకుని ఉంటే ఈపాటికి సుమారు 44 లక్షల 40 వేలు అయి ఉండాలి. బ్యాంకును స్టేట్‌మెంట్ అడిగి సరిచూసుకో. పదేళ్లకు పెట్టుకుంటే ఈఎంఐ 61,000 రూపాయల పైచిలుకు. డాలరు 90 రూపాయలనుకుంటే 680 డాలర్లు. తేలికగానే అనిపిస్తుంది. కానీ పదేళ్లలో నువ్వు కట్టే వడ్డీయే 29 లక్షలు. అదే నెలకు 1,500 డాలర్లు కట్టగలిగితే మూడేళ్ల నాలుగు నెలల్లో తీరిపోతుంది, వడ్డీ 9 లక్షల లోపే. తేడా 20 లక్షలు. దాదాపుగా మీ నాన్నగారు వేసిన పెళ్లి ఖర్చంత. వ్యక్తులు ఫ్లోటింగ్ (మార్కెట్‌ను బట్టి మారే) వడ్డీ మీద తీసుకున్న అప్పు ముందే తీరిస్తే జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అదనంగా కట్టిన ప్రతిసారీ "ఈఎంఐ తగ్గించవద్దు, గడువు తగ్గించండి" అని రాతపూర్వకంగా అడుగు.

పెళ్లికి 15 లక్షలు పర్సనల్ లోను తీసుకుందామని ఎవరైనా అంటే ఇది కూడా చూడు. 13 శాతం మీద అయిదేళ్లకు నెలకు 34,000 రూపాయలు, మొత్తం 20 లక్షలు దాటుతుంది. రెండు అప్పులూ కలిపి నెలకు 95,000. ఓపీటీ మీద ఉన్నవాడివి, ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి ఉన్నది మొత్తం 90 రోజుల గడువు. ఆ స్థితిలో ఈ భారం ఎత్తుకోవద్దు.

నా మాట వింటే పెళ్లి శ్రావణానికి జరుపు. అప్పటికి చేతిలో డబ్బు చేరుతుంది.

జవాబు (ఆస్టిన్)

బాబూ, ముందు కట్నం సంగతి. మీ మామయ్యగారికి గట్టిగా వద్దని చెప్పు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడం, ఇవ్వడం రెండూ నేరమే. అయిదేళ్లకు తగ్గని జైలు శిక్ష ఉంది. చట్టం మాట అలా ఉంచు. నీ చదువు అప్పు ఆ అమ్మాయి తండ్రి ఎందుకు తీర్చాలి? ఆయన కూడా ఆమె చదువుకు అప్పు చేసే ఉంటారు. ఆ డబ్బుతో మొదలైన కాపురంలో ఆమె ఏ చిన్న కోరిక కోరినా మా అమ్మానాన్నలు ఇంత పెట్టారు అన్న మాట మధ్యలోకి వస్తుంది. నేను చూశాను, మా దగ్గరి బంధువుల ఇంట్లోనే.

రెండోది, ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. ఆ అమ్మాయికి నీ అప్పు ఎంతో తెలుసా? 44 లక్షలని అంకెతో సహా తెలుసా? "కొంచెం లోను ఉంది" అని చెప్పి ఉంటే చెప్పనట్టే. నిశ్చితార్థానికి ముందే స్టేట్‌మెంట్ ఆమెకు పంపు. వాళ్ల నాన్నగారికి కూడా నువ్వే చెప్పు, మధ్యవర్తి చేత చెప్పించకు.

మూడోది, ఆమె ఉద్యోగం. పెళ్లయిన వెంటనే ఎఫ్-2 (విద్యార్థి భార్యకు ఇచ్చే వీసా) మీద తీసుకువస్తే ఆమె ఇక్కడ పని చేయడానికి వీల్లేదు. రేపు నీకు హెచ్-1 (ఉద్యోగ వీసా) వచ్చి ఆమె హెచ్-4 (హెచ్-1 వారి భార్యకు ఇచ్చే వీసా) కి మారినా, నీ గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 (కంపెనీ నీ కోసం వేసే దరఖాస్తు) ఆమోదం పొందేదాకా మామూలుగా పని అనుమతి రాదు. నేను అలా వచ్చినదాన్నే. బ్యాంకులో ఆరేళ్లు పనిచేసిన నేను, ఇక్కడ నాలుగేళ్లు ఒక్క డాలరు కూడా సంపాదించకుండా అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ స్థలం చూస్తూ గడిపాను. మా వారు మంచివారే, అయినా ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కాబట్టి మీ బడ్జెట్‌లో ఆమె వదులుకునే జీతం కూడా ఒక పద్దుగా రాయండి. ఒక ఏడాది ఆమె హైదరాబాద్‌లోనే పనిచేస్తూ, తర్వాత ఇక్కడ చదువుకో ఉద్యోగానికో సొంతంగా రావచ్చు. ఏది చేయాలో ఆమె నిర్ణయించుకోవాలి. నువ్వు చేయవలసింది లెక్క దాచకుండా ముందు పెట్టడం.

జవాబు (చికాగో)

న్యూజెర్సీ అన్నగారు అప్పు గురించి చెప్పిన ప్రతి మాటా నిజం. శ్రావణం సలహాతో మాత్రం నేను ఏకీభవించను. మార్చిలో హెచ్-1 లాటరీ. పేరు వచ్చి కంపెనీ స్టేటస్ మార్పు (ఇక్కడే ఉండి విద్యార్థి ఎఫ్-1 నుంచి హెచ్-1 కి మారడం) కోరుతూ దరఖాస్తు వేసిందనుకోండి. అది తేలకముందే దేశం దాటితే ఆ మార్పు కోరికను వదులుకున్నట్టే లెక్క. శ్రావణం అంటే జూలై, ఆగస్టు, సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. మాఘంలో అయితే ఎఫ్-1 వీసా గడువు ఉన్నంతవరకు కొత్త స్టాంపింగ్ అవసరం లేకుండా తిరిగి రావచ్చు. ఐ-20 (కాలేజీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద కాలేజీ వారి ప్రయాణ సంతకం ఆరు నెలలకు మించి పాతది కాకూడదు. ఓపీటీ కార్డు, ఉద్యోగం ఉన్నట్టు కంపెనీ ఇచ్చిన లేఖ చేతి సంచిలో పెట్టుకోండి. టికెట్ కొనేముందు కంపెనీ లాయరును అడగండి.

పెళ్లి ధ్రువపత్రం కూడా అక్కడున్నప్పుడే రిజిస్ట్రేషన్ చేయించుకుని తెచ్చుకోండి. తర్వాత ఆమె వీసాకు కావాలి. డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ఖాతా నుంచే పంపండి. నగదు, మనీ ఆర్డరు ఇచ్చి పంపేవాటి మీద 2026 నుంచి ఇక్కడ 1 శాతం పన్ను పడింది.

న్యూజెర్సీ

వీసా సంగతి నాకు తట్టలేదు. చికాగో వారు చెప్పిందే సరి, తమ్ముడూ. అయితే మాఘంలోనే కానీ, 22 లక్షలతో కాదు. నీ దగ్గర 6,000 ఉంది. జనవరి చివరికి ఈఎంఐ పోను ఇంకో 8,800 మిగులుతుంది. మొత్తం 14,800. ఇందులో మూడు నెలల ఖర్చు, ఈఎంఐలతో కలిపి 7,800 ముట్టుకోకుండా పక్కన పెట్టు. మిగిలిన 7,000 డాలర్లు, అంటే 6 లక్షల 30 వేలు. విమానం టికెట్‌తో సహా నీ పెళ్లి ఖర్చు అంతే.

అది చాలుతుంది. ఎక్కడ తగ్గించాలంటే, విడిగా రిసెప్షన్ వద్దు. పెళ్లి వాళ్ల ఊళ్లో, రిసెప్షన్ మీ ఊళ్లో అంటే హాలు, డెకరేషన్, భోజనాలు అన్నీ రెండుసార్లు. ఒకే రోజు, ఒకే హాలు, రెండు కుటుంబాలూ సగం సగం. ఆడపిల్ల తండ్రి మీద కూడా బరువు తగ్గుతుంది. తర్వాత ఆకులు. భోజనాల వాళ్లకు ఎన్ని ఆకులు చెబితే అన్నిటికీ డబ్బు కట్టాలి, తిన్నా తినకపోయినా. పిలిచే జాబితా ముందు రాసుకుని, ఆ తర్వాతే సంఖ్య చెప్పండి. మా ఇంట్లో జాబితా రాయకుండానే సంఖ్య చెప్పారు, 1,000 ఆకులు చెబితే 640 మంది తిన్నారు. మిగిలిన అన్నం మర్నాడు గేదెల తొట్లలో చూశాను.

బంగారం ధర పది గ్రాములు లక్ష దాటి ఎంతో కాలమైంది. తాళిబొట్లు, నల్లపూసలు కొనండి, అవి తప్పవు. మిగతావి అమ్మాయిని అడిగి, అప్పు తీరాక చేయించండి. కొట్లో గ్రాము ధరతో పాటు తరుగు, మజూరీ ఎంతో విడిగా రాయించుకోండి. బేరం అక్కడే ఆడాలి.

ఇర్వింగ్ నుంచి, అయిదు రోజుల తర్వాత

అన్నయ్యా, అక్కా, చికాగో వారికి కూడా, ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆ రాత్రే నాన్నకు ఫోన్ చేశాను. చాలాసేపు దాటవేశారు. చివరికి చెప్పారు: చీటీ పాడితే 6 లక్షలు, మిగతాది మా ఊరి ధాన్యం వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయలకు. మాట కూడా అయిపోయిందట. కాగితం ఇంకా రాయలేదు. అన్నయ్య నోటు కథ చదివి వినిపించాను. నాన్న మాట్లాడలేదు. అమ్మ ఫోన్ తీసుకుని "రాయించం నాన్నా, నువ్వు నిద్రపో" అంది.

అమ్మాయికి స్టేట్‌మెంట్ పంపాను. అంకె చూసి ఒక రోజంతా జవాబు ఇవ్వలేదు. మర్నాడు తన జీతం స్లిప్పు, తన చదువు లోను మిగిలిన మొత్తం, 3 లక్షల 20 వేలు, రెండూ పంపింది. ఒక్క రిసెప్షన్ చాలని వాళ్ల నాన్నగారితో తనే మాట్లాడుతానంది. ఒక ఏడాది హైదరాబాద్‌లోనే ఉండి ఆ అప్పు తీర్చుకుని వస్తానంటోంది.

మామయ్య మాత్రం అలిగారు. పిలుపుకు నేనే వెళ్లాలి కాబోలు.

ఒక్క సందేహం మిగిలింది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 44 లక్షల 90 వేలు చూపిస్తోంది, అన్నయ్య లెక్క కంటే 50 వేలు ఎక్కువ. ప్రాసెసింగ్ ఫీజు, బీమా ప్రీమియం కూడా అసలులో కలిపి ఉంటారా? ఎవరికైనా ఇలా జరిగిందా?