పాత శ్లాబు పగుళ్లకు బ్యాక్టీరియా ద్రవం పనిచేస్తుందా?

ప్రశ్న (భీమవరం నుంచి)

మా ఇంటి శ్లాబు వేసి 22 ఏళ్లయింది. డాబా మీద సన్నని పగుళ్లు వచ్చాయి, వానాకాలంలో వంటగది పైకప్పు చెమ్మగిల్లుతోంది, ఒక మూల పెచ్చు కూడా ఊడింది. ఈ మధ్య ఒక అమ్మకందారు వచ్చి, బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని పగుళ్లలో పోస్తే అవే సున్నపురాయిని తయారుచేసి పూడ్చేస్తాయని, ఇక శ్లాబును ముట్టుకోనక్కర్లేదని చెప్పారు. మా మేస్త్రి గారు విని నవ్వేశారు. ఇందులో శాస్త్రం ఎంత, మా ఇంటికి ఇది తగునా అన్నది తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం (సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థి)

శాస్త్రం నిజమైనదేనండీ. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెంక్ యోంకర్స్ అనే సూక్ష్మజీవశాస్త్రవేత్త 2006లో ఈ పరిశోధన మొదలుపెట్టారు. కాంక్రీటు లోపల క్షారత చాలా ఎక్కువ, తిండి ఉండదు, నీరు ఉండదు. అందుకని ఆయన క్షార సరస్సుల్లో బతికే బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాను ఎంచుకున్నారు. గడ్డు కాలంలో ఇవి సిద్ధబీజాలుగా మారి ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి. ఆ బీజాలనూ, వాటికి ఆహారమైన కాల్షియం లాక్టేటునూ కాంక్రీటు కలిపేటప్పుడే చేరుస్తారు. తరవాతెప్పుడో పగులు వచ్చి నీరూ గాలీ లోపలికి దిగితే అవి మేల్కొని, లాక్టేటును తిని, కాల్షియం కార్బొనేటును, అంటే సున్నపురాయిని, పేరుస్తాయి. ప్రయోగశాలలో 0.8 మిల్లీమీటర్ల వెడల్పున్న పగుళ్లు కూడా కొన్ని వారాల్లో పూడాయి. ఈ పనిలో అవి ఆక్సిజన్‌ను కూడా వాడుకుంటాయి కనుక లోపలి ఇనుముకు తుప్పు ముప్పు కొంత తగ్గుతుందన్నది నాకు అన్నింటికన్నా నచ్చిన సంగతి.

యూరియాను విడగొట్టే బ్యాక్టీరియాతో మరో మార్గం ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఇస్రోతో కలిసి 2020లో చంద్రుడి మట్టిని పోలిన పొడికి ఇటువంటి బ్యాక్టీరియానూ, యూరియానూ, గోరుచిక్కుడు గింజల జిగురునూ కలిపి ఇటుకల వంటివి చేసింది. అయితే ఈ మార్గంలో అమ్మోనియా వెలువడుతుంది. మీది వంటగది కనుక ఆ ద్రవం ఏ రకానిదో తప్పక అడగండి.

సమాధానం (స్ట్రక్చరల్ ఇంజనీరు, విశాఖపట్నం)

పైన చెప్పిన 0.8 మిల్లీమీటర్ల లెక్క కొత్త కాంక్రీటులో ముందుగానే బీజాలు కలిపినప్పటిది. పాత కట్టడాల కోసం పూతగా, ద్రవంగా వాడే రకాలు కూడా డెల్ఫ్ట్‌లోనే రూపొందిన మాట వాస్తవమే గానీ, అవి కారుడును ఆపడానికి పనికొస్తాయి తప్ప దెబ్బతిన్న శ్లాబుకు బలాన్ని తిరిగి తెచ్చిపెట్టవు.

అసలు మీ ప్రశ్నలో నన్ను ఆపింది పగుళ్లు కావు, ఊడిన పెచ్చు. మీది సముద్రానికి దగ్గర ప్రాంతం; ఉప్పు కాంక్రీటులోకి ఇంకితే ఊచలకు రక్షణగా ఉండే పొర చెదిరి తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికే కింది పెచ్చు ఊడుతుంది. తుప్పు లోపల పెరుగుతుండగా పైన సున్నపురాయి పేర్చితే మరో ఏడాదికి పక్కనే ఇంకో పగులు వస్తుంది. ముందు చిన్న సుత్తితో పైకప్పంతా కొట్టి చూడండి: డొల్లగా మోగిన చోటల్లా కాంక్రీటు ఊచలను వదిలేసిందని అర్థం.

సమాధానం (పాత ఇళ్ల మరమ్మతుల పని చేసేవారు)

మేస్త్రి గారి నవ్వును నేను తప్పు పట్టను గానీ, పగులు తనంతట తాను పూడటం మన ప్రాంతానికి కొత్త కాదు. గానుగ సున్నంతో కట్టిన పాత గోడల్లో సన్నని నెర్రెల్లోకి వాన నీరు దిగి, సున్నాన్ని కొంత కరిగించి, ఆరినప్పుడు మళ్లీ అక్కడే పేరుస్తుంది. అక్కడ ఏ జీవీ అక్కర్లేదు, తుప్పు పట్టే ఊచా లేదు. ఊచలున్న శ్లాబుకు ఆ ఉపమానం పనికిరాదు.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మేస్త్రి గారూ నేనూ సుత్తితో కొట్టి చూశాము. ఊడిన మూల చుట్టూ సుమారు నాలుగు అడుగుల మేర డొల్లగా మోగింది. అక్కడ పెచ్చు తీయించి, ఊచలు శుభ్రం చేయించి, ఇంజనీరుకు చూపించాకే డాబా పైపూత సంగతి ఆలోచిస్తాము. అమ్మకందారును ఆ ద్రవం ఏ మార్గానిదని ఫోనులో అడిగాను, కనుక్కుని చెబుతానన్నారు.