ఎయిర్ రైఫిల్ మూతికి మర కొట్టించొచ్చా?

అలిపిరి_నాన్న:
మా పాప ఇంటర్ చదువుతా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇంట్లో ప్రాక్టీసుకని సెకండ్ హ్యాండులో 0.177 ఇంచి బోరు రైఫిల్ ఒకటి తీసుకున్నాం. మూతి నున్నగా ఉంది, మర లేదు. గురి చూసే ముందు సైటు ఇంకొంచెం ముందుకు జరిగితే బాగుంటుందంట, దానికి ఎక్స్‌టెన్షన్ ట్యూబు తగిలించాలి. రేణిగుంట రోడ్డులో లేతు పెట్టుకున్న అబ్బాయిని అడిగితే "తెచ్చేయండి సార్, డై పట్టి అరగంటలో కొట్టిచ్చేస్తా" అన్నాడు. ఇవ్వొచ్చా? మర హాఫ్ ఇంచి యూఎన్ఎఫ్ సైజే కదా?

పాత_టర్నర్_చిత్తూరు:
డై అన్నోడికి ఇయ్యద్దు సార్. రైల్వేలో రిటైరయ్యేదాకా లేతు ముందరే నిలబడినోణ్ణి, అందుకే చెప్తున్నా. డై అంటే మర కోసే బిళ్ల, అది బ్యారెల్ బయటి చుట్టును పట్టుకుని దిగుతుంది. బోరు, అంటే పెల్లెట్ పోయే లోపలి రంధ్రం, ఆ చుట్టుకు నట్టనడుమ ఉందని ఎవరు చెప్పాల? మర రవ్వంత వాలితే ట్యూబు కూడా వాలుతుంది, పెల్లెట్ పోతా పోతా దాని గోడకు రాసుకుంటుంది.

పద్ధతి తెలిసినోడైతే బోరులోకి బిగువుగా పట్టే పిన్ను దూర్చి, దానికి వంకర కొలిచే డయల్ ఆనించి, లేతుకుండే నాలుగు దవడల పట్టు, అదే ఫోర్‌జా చక్కులో, డయల్ ముల్లు కదలకుండా నిలిచేదాకా సర్దుతాడు. దవడలకు బ్యారెల్‌కు మధ్య రాగి రేకు పెడతాడు. పొద్దంతా ఆ సర్దుడుకే పోతుంది, మర కోసేది చివర్లో కొంచెంసేపే.

హాఫ్ ఇంచి యూఎన్ఎఫ్ అంటే బయటి కొలత 12.7 మిల్లీమీటర్లు, ఇంచికి 20 మరలు. ఎయిర్ రైఫిళ్లకు ఎక్కువగా వాడేది అదే. మీ బ్యారెల్ బయటి కొలత ఎంత? పైకి లావుగా కనపడినా నమ్మొద్దు, కొన్నిట్లో పైది ఉత్త గొట్టం, అసలు బ్యారెల్ లోపల సన్నగా ఉంటుంది.

దానికన్నా ముందు మూతి అంచు చూడండి. దాన్నే క్రౌన్ అంటాం. పెల్లెట్ ఆఖరున వదిలే చోటు అదే. ఒక పక్క బర్రు, అంటే లేచిన లోహపు పొక్కు, ఉంటే గాలి రెండో పక్క నుంచి ముందుగా తప్పించుకుని పెల్లెట్‌ను పక్కకు నెడుతుంది. రైఫిల్‌లో పెల్లెట్ లేదని, పేల్చడానికి సిద్ధంగా కాక్ చేసి లేదని చూసుకుని, చెవి దూదిపుల్లను మూతి లోపల నుంచి బయటికి అంచు మీదుగా లాగండి. పోగు చిక్కిందా, అక్కడ బర్రు ఉన్నట్టే.

తిరుపతి_రేంజి:
అన్నా, మ్యాచికి పోయే ఆలోచన ఉంటే రూలు కూడా చూసుకోండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ లెక్కలో మెకానిజం వెనక అంచు నుంచి ట్యూబు మూతి దాకా 850 మిల్లీమీటర్లు దాటకూడదు. ట్యూబుకు బెజ్జాలు ఉండకూడదు, వెనక్కి తన్నుడు తగ్గించే మజిల్ బ్రేకు గీకు అసలే కుదరదు. మర లేకుండా స్క్రూలతో బిగించే క్లాంపు ట్యూబులు ఉంటాయి, మొదట అవి చూడండి.

పలమనేరు_రైతు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా తాతకు లైసెన్సు .315 రైఫిల్ ఉంది, చేన్లో అడివి పందుల కోసం తీసుకున్నది. సైలెన్సర్ పెట్టాలంటే దాని మూతికి ఏ మర కొట్టాల?

పాత_టర్నర్_చిత్తూరు:
దానికి కొలత కూడా చెప్పను నాయనా. 1959 ఆయుధాల చట్టంలో మోత, మెరుపు తగ్గించే సామాను కూడా తుపాకీ కిందే లెక్క. మీ తాత లైసెన్సు తుపాకీకి, దానికి కాదు. తుపాకీని రిపేరు చేసేది, మార్చేది ఆ పనికి లైసెన్సు ఉన్నోడే చెయ్యాల, ఊళ్లో లేతుకు తీసుకుపోతే ఇద్దరూ ఇరుక్కుంటారు. అయినా .315 తూటా శబ్దం కన్నా వేగంగా పోతుంది, గాలిని చీల్చే ఆ చటుక్కు ఏ డబ్బా పెట్టినా పోదు. పందులకైతే కంచె చూసుకోండి.

అలిపిరి_నాన్న:
బయటి కొలత 15 మిల్లీమీటర్లు. దూదిపుల్ల లాగి చూశా, కింది వైపు పోగు చిక్కింది.

పాత_టర్నర్_చిత్తూరు:
అయితే మర మాట పక్కన పెట్టి మొదట క్రౌన్ సరి చేయించండి. దానికీ బోరుకు డయల్ ఆనించే మనిషే కావాల, డ్రిల్లు మిషన్ పట్టుకుని వచ్చేవాడు కాదు. తర్వాత 15కు సరిపోయే క్లాంపు ట్యూబు తెచ్చుకోండి. బిగించేటప్పుడు రెండు స్క్రూలూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి తిప్పండి. ఒకటే ముందు బిగిస్తే ట్యూబు ఓరగా కూర్చుంటుంది.