రూక్ (చెస్‌లో ఏనుగు) మార్చుకోవాలా వద్దా? రాత్రి తొమ్మిదికి ఓటింగ్ క్లోజ్, వైజాగ్ టీమ్ అందరూ ఒకసారి చూడండి

గాజువాక గుర్రం:

అందరికీ నమస్తే. ప్రతి ఎత్తుకీ ఓటేసి బెజవాడోళ్ళతో ఆడుతున్న మన చెస్ గేమ్‌లో నిన్న రాత్రే వాళ్ళ ఎత్తు వచ్చింది, ఇంకా చూడనోళ్ళు దయచేసి బోర్డు ముందేసుకుని ఇది చదవండి, ఎందుకంటే ఇక్కడ తప్పితే ఇన్ని వారాల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

మనం వైట్. (నిలువు లైన్లు ఎ నుంచి హెచ్ దాకా, అడ్డ వరసలు 1 నుంచి 8 దాకా.) కింగ్ డి4, రూక్ జి5, పాన్లు (బంట్లు) సి5, హెచ్4. వాళ్ళ కింగ్ సి6, రూక్ జి4, ఒకే ఒక్క పాన్ హెచ్5లో. నిన్న మనం రూక్‌ని జి5కి తెచ్చి హెచ్5 పాన్ మీద పడ్డాం కదా, వాళ్ళు జి2లో ఉన్న రూక్‌ని జి4కి ఎక్కించి చెక్ ఇచ్చారు. హెచ్5 పాన్ ఆ రూక్‌కి కాపలా కాస్తోంది. దమ్ముంటే మార్చుకోండి అంటున్నారన్నమాట.

నేను రాత్రంతా లెక్కేసింది ఇది. మనం రూక్‌తో జి4 తీస్తాం, వాళ్ళు పాన్‌తో తీస్తారు, ఇప్పుడు వాళ్ళ పాన్ జి4లోకొస్తుంది. మన కింగ్ ఇ4కి వెళ్తే వాళ్ళు సి5 తినేస్తారు. మనం ఎఫ్4, వాళ్ళు డి6. మనం జి4 తింటాం, వాళ్ళు ఇ7. మనం జి5, వాళ్ళు ఎఫ్7. మన చేతిలో హెచ్ పాన్ ఒక్కటే మిగిలింది, వాళ్ళ కింగ్ మూలకి చేరిపోయాడు. డ్రా!

అందుకే అడుగుతున్నా, మార్చుకోకుండా కింగ్‌ని పక్కకి జరిపేస్తే ఎలా ఉంటుంది? ఇంజిన్ (ఎత్తులు లెక్కేసే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టొద్దని మొదటిరోజే మాటనుకున్నాం, అది మాత్రం ఎవరూ తప్పొద్దు ప్లీజ్. చేత్తో లెక్కేసి చెప్పండి.

బీచ్‌రోడ్ బిషప్:

ఏటి గురూ, పాన్ ఎక్కువున్నప్పుడు రూకులు మార్చేయాలని చిన్నప్పట్నించీ నేర్చుకుంది ఇదే కదా, ఇందులో రాత్రంతా నిద్ర మానుకునేంత ఏముంది! 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో గుకేశ్ చేసింది కూడా అదే. వరల్డ్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ పద్నాలుగో గేమ్, అప్పటి ఛాంపియన్ డింగ్ 55వ ఎత్తులో రూక్‌ని ఎఫ్2లో పెట్టాడు, మనోడు టక్కున రూకులు మార్చేశాడు, వెనకే బిషప్పులు కూడా మారిపోయాయి, ఇక మిగిలింది ఉత్త పాన్ల ఎండింగు, అందులో ఒక పాన్ ఎక్కువ. పద్దెనిమిదేళ్ళకే వరల్డ్ ఛాంపియన్. ఆ రోజు మా ఇంట్లో అరుపులకి పై వాటావాళ్ళు దిగొచ్చారు.

నేను ఇప్పుడు ఆర్‌కే బీచ్‌లో సబ్‌మెరైన్ ఎదురుగా గోడమీద కూర్చుని మేగ్నెట్ బోర్డు మీద ఇదే పొజిషన్ పెట్టాను. మేగ్నెట్ ఊడిపోయిన పాన్ల ప్లేస్‌లో మురీ మిక్చర్లోంచి పల్లీలు ఏరి పెట్టాను, గాలికి అవి ఆగట్లేదు అది వేరే సంగతి. ఎలా చూసినా మనకి పల్లీ ఎక్కువే ఉంది. నా ఓటు మార్చుకోడానికే.

గాజువాక గుర్రం:

బావా, పల్లీ ఎక్కువున్నా అది హెచ్ లైన్లో ఉంది కదా, అదే నా బాధ. గుకేశ్‌కి మిగిలినవి నడుమనున్న పాన్లు, మనకి మిగిలేది ఒడ్డు పాన్. అదే తేడా కొడుతోంది.

ఎమ్వీపీ మాస్టారు:

ఇద్దరూ చెప్పినదాంట్లో సగం సగం నిజం ఉంది నాయనా. కొత్తగా చేరిన పిల్లలున్నారు కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను.

ఒడ్డు బంటు సంగతి మిగతా బంటుల్లా కాదు. అవతలి రాజు జి8కో హెచ్8కో చేరాడంటే ఇక అక్కణ్ణించి కదలడు, అటు పక్కకి తిరిగి రావడానికి మనకి గడులు లేవు, బోర్డు అయిపోయింది. బంటుని హెచ్7 దాకా తోసి వెనకాల హెచ్6లో రాజుని నిలబెట్టామనుకోండి, హెచ్8లో వాళ్ళ రాజుకి చెక్ లేదు, వెళ్ళడానికి గడీ లేదు, ఆట డ్రా, స్టేల్‌మేట్. అందుకని గుర్రం బాబు వేసిన లెక్క ఆ దారిలో కరెక్టే, ఎఫ్7కి వాళ్ళ రాజు వచ్చేశాక నువ్వు హెచ్6 వెళ్తే వాళ్ళు జి8, అంతే సంగతులు.

అయితే ఏనుగు మార్చుకోకుండా రాజుని జరపడం ఇంకా దండగ. ఎటు జరిపినా వాళ్ళ ఏనుగు వెంటనే హెచ్4 బంటుని మింగేస్తుంది. మన సి బంటొకటి, వాళ్ళ హెచ్ బంటొకటి, లెక్క సమానం అయిపోద్ది, ఇక మనం గెలిచేది ఏముంది? కాబట్టి మార్చుకోక తప్పదు. మార్చుకున్నాక ఏం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న. నాకూ ఇంకా తట్టలేదు, సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళొచ్చి మళ్ళీ కూర్చుంటాను.

మురళీనగర్ మంత్రి:

మాస్టారూ, అన్నయ్యలూ, నేను తొమ్మిదో క్లాస్, ఈ గ్రూపులో చేరి రెండు నెలలే అయింది, తప్పయితే చెప్పండి. కానీ మార్చుకున్నాక అసలు కింగ్‌ని జి4 పాన్ వెనకాల ఎందుకు పరిగెత్తించాలి? మన హెచ్4 పాన్ ముందు ఇప్పుడు ఎవరూ లేరు కదా! వాళ్ళ హెచ్ పాన్ జి లైన్లోకి వెళ్ళిపోయింది. వెంటనే హెచ్5 తోసేస్తే?

మా కోచ్ సార్ నేర్పిన చతురస్రం లెక్క వేశాను. పాన్ హెచ్5లో ఉంది, హెచ్8కి మూడడుగులు, అక్కడికి చేరితే క్వీన్ అయిపోతుంది. కాబట్టి హెచ్5, హెచ్8, ఇ8, ఇ5 నాలుగు మూలలు కలిపి ఒక డబ్బా గీసుకోవాలి. వాళ్ళ కింగ్ తన ఎత్తులో ఆ డబ్బాలో కాలు పెట్టగలిగితే పాన్‌ని పట్టుకుంటాడు, లేకపోతే పట్టుకోలేడు. సి6లో ఉన్న కింగ్ ఒక్క ఎత్తులో డి లైన్ దాకానే రాగలడు. డబ్బా ఇ లైన్లో మొదలవుతోంది. ఒక్క గడి తక్కువ!

నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీసి మూడుసార్లు చూశాను. హెచ్5, కింగ్ డి7, హెచ్6, కింగ్ ఇ7, హెచ్7, కింగ్ ఎఫ్7, హెచ్8 క్వీన్. ఎఫ్7లో ఉన్న కింగ్ హెచ్8ని ముట్టుకోలేడు.

బీచ్‌రోడ్ బిషప్:

ఓరి నాయనో!! చెల్లెమ్మా, నీకు దండం తల్లీ. మనమంతా పొద్దున్నించీ జి4 పాన్ వైపే చూస్తూ కూర్చున్నాం, హెచ్ పాన్ ముందు రోడ్డు ఖాళీ అయిందని ఒక్కళ్ళం చూడలేదు. పల్లీలతో పెట్టి ఇప్పుడే ఆడాను, సి6 నుంచి ఎంత పరిగెత్తినా అందట్లేదు. పక్కన కూర్చున్న పెద్దాయన కూడా వంగి చూసి రెండుసార్లు వాళ్ళ కింగ్‌ని తనే జరిపి చూశాడు, ఊహూఁ, అందలేదు.

ఇంకేం, హెచ్5, హెచ్6, హెచ్7, క్వీన్. బండి ఆపకుండా తోసేద్దాం!

ఎమ్వీపీ మాస్టారు:

ఆగు నాయనా ఆగు, అదొక్కటీ చెయ్యకు. పాప చెప్పిన హెచ్5 బంగారం లాంటి ఎత్తు, వాకింగ్ మధ్యలో చదివి అక్కడే బెంచీ మీద కూలబడిపోయాను, నా బుర్రకి తట్టనిది తట్టించింది. కానీ బండి ఆపకుండా తోస్తే మాత్రం బోల్తా పడతాం.

వాళ్ళు రాజుతో పరిగెత్తరు, బంటుని తోస్తారు. మనం హెచ్5, వాళ్ళు జి3. ఇప్పుడు ఆవేశంగా హెచ్6 తోశామనుకో, వాళ్ళు జి2. మనం హెచ్7, వాళ్ళు జి1లో మంత్రి (క్వీన్). మనం తర్వాతి ఎత్తులో హెచ్8 మంత్రి చేసుకుంటాం కదా అనుకుంటావు. చేసుకోలేవు! మన రాజు ఎక్కడున్నాడు? డి4లో. జి1, ఎఫ్2, ఇ3, డి4, వేలు పెట్టి చూడు, ఒకే ఏటవాలు గీత. వాళ్ళ మంత్రి పుట్టడమే చెక్‌తో పుడుతుంది. మనం రాజుని తప్పించుకునేలోపు ఆ మంత్రి హెచ్ లైన్లోకి వచ్చి మన బంటుని ఆపేస్తుంది, ఆ తర్వాత తినేస్తుంది. గెలిచే ఆట చేజేతులా ఓడిపోతాం.

కాబట్టి వాళ్ళు జి3 అనగానే మనం రాజుని ఇ3కి దింపాలి. వాళ్ళు జి2 అంటే ఎఫ్2. బంటు మన గుప్పిట్లో ఉన్నట్టే. వాళ్ళు బంటు తోసిన ప్రతిసారీ వాళ్ళకో ఎత్తు ఖర్చు, మనకో ఎత్తు ఖర్చు, చెల్లుకి చెల్లు. వాళ్ళ రాజు ఇంకా ఆ డబ్బా బయటే ఉంటాడు. అప్పుడు తోసుకో హెచ్ బంటుని నీ ఇష్టం వచ్చినట్టు.

మురళీనగర్ మంత్రి:

అయ్యో నిజమే మాస్టారూ, జి1 నుంచి డి4 గీత నేను చూడలేదు. ఇప్పుడే నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో గీశాను. థాంక్యూ సార్.

స్టీల్‌ప్లాంట్ సిసిలియన్:

షిఫ్ట్ దిగి బస్సులో కూర్చుని మొత్తం చదివాను, మాటల్లేవు అసలు. ఒక్క డౌట్ ఉంది, అడిగేస్తే నాకూ మనశ్శాంతి. 1921లో రేటీ అనే చెస్ మాస్టర్ కట్టిన పొజిషన్ గుర్తుందా మీకు? వైట్ కింగ్ హెచ్8లో, పాన్ సి6లో, బ్లాక్ కింగ్ ఎ6లో, పాన్ హెచ్5లో. వైట్ కింగ్ చతురస్రానికి చాలా బయట ఉంటాడు, ఎవరు చూసినా అందదనే అంటారు, కానీ జి7, ఎఫ్6 అంటూ ఏటవాలుగా నడిచి ఒకే అడుగుతో రెండు పనులు చేస్తాడు, అవతలి పాన్‌కీ దగ్గరవుతాడు సొంత పాన్‌కీ దగ్గరవుతాడు, చివరికి డ్రా చేసేస్తాడు. నేను మొదటిసారి చూసిన రోజు ఆ పొజిషన్ కలలోకి వచ్చింది. బెజవాడోళ్ళు మన మీద అదే వేస్తే? వాళ్ళకీ జి పాన్ ఉంది కదా.

నేనే లెక్కేశాను, వీలైతే ఎవరైనా సరిచూడండి. హెచ్5, జి3, కింగ్ ఇ3, ఇప్పుడు వాళ్ళ కింగ్ డి5 (అటూ ఇటూ రెండు వైపులా చూస్తూ). మనం హెచ్6, వాళ్ళు ఇ6, మనం హెచ్7, వాళ్ళు ఎఫ్7, మనం క్వీన్. పోనీ డి5 తర్వాత తన పాన్ దగ్గరికి పోదామంటే మన కింగ్ ఇ3లో గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు, లోపలికి దారి లేదు. రేటీ పొజిషన్‌లో బ్లాక్ కింగ్ ఆ మూల ఎ6లో ఉండిపోయాడు కాబట్టి ఆ విద్య పారింది, ఇక్కడ మన కింగ్ దగ్గర్లోనే ఉన్నాడు కాబట్టి పారదు. నాకైతే గెలుపే కనిపిస్తోంది.

ఇంకో మాట. 1999లో చెస్ ఛాంపియన్ కాస్పరోవ్ ఒక్కడూ ఒక వైపు, ప్రపంచమంతా ఒక వైపు ఇంటర్నెట్‌లో ఆడిన గేమ్ గురించి మాస్టారు ఎప్పుడూ చెబుతుంటారు కదా. జూన్ 21న మొదలై అక్టోబర్ 22 దాకా నడిచింది, డెబ్భై అయిదు దేశాలకి పైగా యాభై వేల మందికి పైగా ఓట్లేశారు, 62 ఎత్తుల్లో కాస్పరోవే గెలిచాడు. కానీ పదో ఎత్తులో క్వీన్ ఇ6 అని ప్రపంచం టీమ్‌ని కొత్త దారి పట్టించింది అమెరికా అమ్మాయి ఇరీనా క్రష్, అప్పటికి ఆవిడకి పదిహేనేళ్ళు. ఇవాళ మన నోట్‌బుక్ పాప ఎత్తు చూసి నాకు మొదట గుర్తొచ్చింది అదే. ఆ తర్వాత 2025లో ప్రపంచ నంబర్ వన్ కార్ల్‌సన్‌తో లక్షా నలభై వేల మందికి పైగా కలిసి ఆడి 32 ఎత్తుల్లో డ్రా పట్టారు, మనలాగే ఎత్తుకి ఇరవై నాలుగు గంటల టైము. మనం ముప్పై ఎనిమిది మందిమి, బెజవాడ దగ్గర పాయింట్ పట్టలేమా ఏంటి!

గాజువాక గుర్రం:

సిసిలియన్ అన్నా, నీ డి5 దారి నేనూ బోర్డు మీద ఆడి చూశాను, క్లీన్‌గా గెలుపే. ఒకవేళ వాళ్ళు మధ్యలో సి5 పాన్ తినడానికి ఆగితే ఇంకా మంచిది, అదో ఎత్తు వేస్ట్.

చెల్లెమ్మా, నేను రాత్రంతా వేసిన లెక్కలో నువ్వు పట్టుకున్నది ఒక్క గడి. ఇ4 కి వెళ్ళిన తర్వాత కూడా, వాళ్ళు సి5 తినగానే ఎఫ్4 కాకుండా హెచ్5 తోసి ఉంటే గెలుపేనని ఇప్పుడు తెలుస్తోంది. జి4 పాన్‌ని తినాలన్న ఆశే నన్ను ముంచింది. నీ నోట్‌బుక్ పేజీ ఫోటో పెట్టమ్మా, దాచుకుంటాను.

అప్‌డేట్: ఓటింగ్ క్లోజ్ అయింది. రూక్ జి4 తీయడానికి 33 ఓట్లు. పది నిమిషాల్లోనే బెజవాడోళ్ళు పాన్‌తో తిరిగి తీశారు, ఆ స్పీడు చూస్తే మనం జి4 పాన్ వెనకాల పడతామనే అనుకుంటున్నట్టున్నారు. హెచ్5 కి ఓటింగ్ తెరిచాను, రేపు రాత్రి తొమ్మిది దాకా టైముంది, షిఫ్టుల్లో ఉన్నోళ్ళు కూడా నిదానంగా వెయ్యండి.

ఎల్లుండి వాళ్ళు జి3 అంటారు. అప్పుడు ఉత్సాహంలో ఎవరూ హెచ్6 నొక్కొద్దు, కింగ్ ఇ3. ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకోండి కావాలంటే. కింగ్ ఇ3.

బీచ్‌రోడ్ బిషప్:

కింగ్ ఇ3. రాసుకున్నాను. ఆదివారం సాయంత్రం ఎవరెవరు బీచ్‌కి వస్తున్నారో చెప్పండి, మాస్టారూ మీరు తప్పకుండా రావాలి, పాపని వాళ్ళ నాన్నగారు తీసుకొస్తే ఆ ఎర్ర పెన్ను నోట్‌బుక్ కూడా తెమ్మనండి. మురీ మిక్చర్ నాది.