డ్రైవరు తలుపులోని స్పీకర్ ఉండుండి మూగబోతోంది: లోపం స్టీరియోలోనా, తలుపులోనా?

ప్రశ్న (కాకినాడ నుంచి)

మాది 2015 నాటి హ్యాచ్‌బ్యాక్. కారుతో పాటు వచ్చిన స్టీరియోనే ఇప్పటికీ వాడుతున్నాము. నాలుగు తలుపుల్లో నాలుగు స్పీకర్లు, డాష్‌బోర్డు రెండు మూలల్లో చెరొక చిన్న ట్వీటర్ (సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు పలికే బుల్లి స్పీకర్) ఉన్నాయి. కొంతకాలంగా డ్రైవరు తలుపులోని స్పీకర్ ఒక్కటే పాట మధ్యలో ఆగిపోయి, కాసేపటికి దానంతట అదే మళ్ళీ పలుకుతోంది. గతుకుల రోడ్డు మీద ఇది ఎక్కువగా జరుగుతుంది, తలుపు గట్టిగా వేస్తే ఒక్కోసారి తిరిగి వస్తుంది. ఒక దుకాణంలో చూపిస్తే, ఏమీ విప్పి చూడకుండానే, స్టీరియో తీసేసి ఆండ్రాయిడ్ స్క్రీను పెట్టించుకోమన్నారు. స్టీరింగు మీది బటన్లు పనిచేయకుండా పోతాయన్న భయంతో నేను ఒప్పుకోలేదు. లోపం ఎక్కడ ఉందో ముందుగా తేల్చుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

ఏదీ కొనకుండా, ఏదీ విప్పకుండా చేయగల పరీక్ష ఒకటి ఉంది. బేలన్స్‌ను (ఎడమ, కుడి స్పీకర్ల మధ్య ధ్వని పంచే సెట్టింగు) పూర్తిగా కుడివైపుకు, ఫేడర్‌ను (ముందు, వెనుక స్పీకర్ల మధ్య పంచేది) పూర్తిగా ముందుకు జరిపితే ఆ ఒక్క ఛానెల్, అంటే ఆ మూలకు వెళ్ళే ధ్వని మాత్రమే మోగుతుంది. ఇక స్పీకర్ ఆగిపోయినప్పుడు డాష్‌బోర్డు మూలలోని ట్వీటర్‌కు చెవి దగ్గరగా పెట్టి వినండి. చాలా కార్లలో ట్వీటరు, తలుపు స్పీకరు ఒకే ఛానెల్‌కు సమాంతరంగా కలిపి ఉంటాయి కాబట్టి, ట్వీటర్ పలుకుతూ స్పీకర్ మాత్రమే ఆగిందంటే స్టీరియో తన పని తాను చేస్తున్నట్టే; లోపం డాష్‌బోర్డు దాటిన తర్వాత, అంటే తలుపులోకి వెళ్ళే వైరులోనో, కనెక్టరులోనో, స్పీకర్‌లోనో ఉంటుంది. రెండూ ఒకేసారి ఆగితే స్టీరియోను, దాని వెనుక కనెక్టరును అనుమానించాలి. ట్వీటర్ తలుపులోనే ఉన్న కార్లలో ఈ తేడా ఇంత స్పష్టంగా తెలియదు; మీకు ఆ ఇబ్బంది లేదు.

రెండవ జవాబు

పై సూచన సరైనదే. కారు స్టీరియోలు బాగుచేసే పనిలో ఉన్నవాడిగా ఒక హెచ్చరిక మాత్రం చేర్చదలచాను. స్పీకర్ మైనస్ వైరును కారు బాడీకి తాకించి పరీక్షించే అలవాటు కొందరు మెకానిక్‌లకు ఉంది. ఇప్పటి స్టీరియోలలో స్పీకర్‌కు వెళ్ళే రెండు తీగలూ ఆంప్లిఫయర్ నుంచే వస్తాయి, రెండింటి మీదా బ్యాటరీ వోల్టేజిలో సుమారు సగం ఉంటుంది. అందులో దేన్నైనా బాడీకి తాకిస్తే ఆంప్లిఫయర్ ఐసీ (చిప్) కాలిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు దుకాణం వారు చెప్పిన మాటే నిజమవుతుంది.

స్టీరియోలో లోపమైతే దాని తీరు వేరుగా ఉంటుంది. బోర్డు మీద టంకం అతుకు వదులైతే, వేడెక్కేకొద్దీ ధ్వని తెగిపోయి, చల్లారాక తిరిగి వస్తుంది. గతుకులకు కూడా స్పందించవచ్చు కానీ తలుపు వేయడంతో దానికి అంతగా సంబంధం ఉండదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి స్టీరియోను నేనైతే అనుమానించను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. స్పీకర్ ఆగినప్పుడు ట్వీటర్ పలుకుతూనే ఉంది. తలుపు సగం తెరిచి, తలుపుకూ బాడీకీ మధ్య ఉండే ముడతల రబ్బరు గొట్టాన్ని చేత్తో అటూ ఇటూ వంచితే ధ్వని వస్తూ పోతూ ఉంది. దీనికి సంబంధం ఉందో లేదో గానీ, ఆ తలుపు అద్దం కూడా అప్పుడప్పుడు స్విచ్ నొక్కినా దిగడం లేదు.

మూడవ జవాబు

సంబంధం ఉంది. అద్దం మోటారు వైర్లు కూడా ఆ గొట్టంలో నుంచే వెళ్తాయి. కారులో అన్నిటికంటే ఎక్కువసార్లు తెరిచేది డ్రైవరు తలుపే కాబట్టి, అక్కడి తీగలు ఏళ్ళ తరబడి ఒకే చోట వంగి వంగి, పైతొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి పోగులు తెగిపోతాయి. తెగిన కొసలు తలుపు ఒక స్థితిలో ఉన్నప్పుడు తాకుతాయి, ఇంకో స్థితిలో విడిపోతాయి.

నిర్ధారణకు స్టీరియో వెనుక కనెక్టరు ఊడదీసి, ఆ స్పీకర్ జత మీద మల్టీమీటరుతో నిరోధం కొలవండి. 4 ఓమ్‌ల స్పీకరైతే 3 ఓమ్‌లకు కాస్త పైన చూపాలి. ట్వీటర్‌కు సాధారణంగా వరుసలో కెపాసిటర్ (మీటరు పంపే డీసీ కరెంటును ఆపే భాగం) ఉంటుంది కాబట్టి అది ఈ కొలతలోకి రాదు. గొట్టాన్ని వంచుతూ చూడండి. అంకెల మీటరు క్షణకాలపు తెగింపును పట్టుకోలేకపోవచ్చు, ఇంట్లో పాత ముల్లు మీటరు ఉంటే అదే మేలు. గొట్టం కదిలించినా కొలత నిలకడగా ఉంటే అప్పుడు స్పీకర్ కనెక్టరులో చిలుము పట్టిందేమో చూడాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మామూలే.

బాగుచేసేటప్పుడు రెండు విషయాల్లో పట్టుబట్టండి. మొదటిది, అతుకు గొట్టం లోపల ఉండకూడదు. టంకం పీల్చుకున్న తీగ బిరుసెక్కి, దాని అంచు దగ్గరే మళ్ళీ తెగుతుంది. సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తని వైరును గొట్టం పొడవునా కొత్తగా వేయించి, అతుకులు ఒకటి బాడీ లోపల, ఒకటి తలుపు లోపల వచ్చేలా చూడండి. అతుకు మీద ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తే వేసవికి దాని జిగురు కరిగి ఊడిపోతుంది, వేడికి ముడుచుకునే స్లీవ్ అడగండి. అద్దం మోటారు తీగలకు స్పీకర్ వైరు సరిపోదు, వాటికి మందమైనదే వేయాలి.

రెండవది, తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు. అద్దం సందుల్లోంచి దిగే వాన నీరు స్పీకర్ కనెక్టరు వైపు రాకుండా ఆపేది అదే. తొందరలో దాన్ని చింపేసి అలాగే ట్రిమ్ (తలుపు లోపలి వైపు ప్యానెల్) బిగించేవారు చాలామంది. చుట్టూ జిగురు పట్టేలా తిరిగి అంటించారో లేదో మీరే దగ్గరుండి చూడండి, తలుపు అడుగున నీరు కారే రంధ్రాల్లో మట్టి ఉంటే తీయించండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీయించడం మంచిది. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగుకు సంబంధించిన సెన్సర్ కూడా తలుపులో ఉంటుంది; దాని కనెక్టరు ఊడదీసి ఉండగా తాళం తిప్పితే హెచ్చరిక దీపం వెలిగి ఉండిపోతుంది. కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీసి పెట్టాక కోడ్ అడుగుతాయి. కోడ్ కార్డు కారు పుస్తకంలో ఉందో లేదో ముందుగానే వెతికి పెట్టుకోండి.