స్కేల్స్ రోజూ చెయ్యాలా, పాటలు వాయిస్తే టెక్నిక్ అదే వస్తుందా?

కొత్తవేళ్ళు:
రెండేళ్ళుగా పియానో నేర్చుకుంటున్నా. రోజుకి గంట కూర్చుంటే అందులో అరగంట స్కేల్సే, అంటే నోట్లని (స్వరాలని) వరసగా పైకీ కిందికీ వాయించడమే, చెయ్యమంటారు మా టీచర్. వేళ్ళు వాటంతట అవే పోతుంటాయి, మనసు ఎక్కడో ఉంటుంది, తీరా పాట దగ్గరికొచ్చేసరికి మళ్ళీ అదే తడబాటు. ఆ అరగంట కూడా పాటకే ఇస్తే తప్పా?

నల్లమెట్టు:
తప్పేం లేదు, ఇచ్చెయ్యండి. పాటలో ఏ రెండు బార్ల (తాళం ప్రకారం విడగొట్టిన చిన్న ముక్కల) దగ్గర చెయ్యి తిరగట్లేదో వాటినే పట్టుకుని నిదానంగా సాధన చెయ్యండి. స్కేల్లో అన్ని నోట్లూ ఒకే పొడవు, ఒకే బలం, పాటలో ఎక్కడుంటుంది అలా?

నిదానం:
నేను ఒప్పుకోను. మోజార్ట్ 1788లో రాసిన సి మేజర్ (సి నుంచి మొదలై అన్నీ తెల్ల కీసే ఉండే స్కేలు) పియానో సొనాటా, ఆయన రచనల జాబితాలో కె. 545, తీసి చూడండి, ఐదో బార్ నుంచి వరసగా స్కేల్ పరుగులే. స్కేల్ చేతిలో ఉన్నవాళ్ళు అక్కడ సంగీతం గురించి ఆలోచిస్తారు, లేనివాళ్ళు బొటనవేలు గురించి ఆలోచిస్తారు, అంతే తేడా.

అసలు చిక్కంతా ఆ బొటనవేలిదే. సి మేజర్‌లో పైకి వెళ్ళేటప్పుడు కుడిచెయ్యి మూడు నోట్లయ్యాక బొటనవేలిని కిందనుంచి దాటిస్తుంది, ఎడమచెయ్యి ఐదు నోట్లయ్యాక మధ్యవేలిని పైనుంచి దాటిస్తుంది, రెండు చేతులూ కలిపితే ఈ రెండూ వేరే వేరే చోట్ల పడతాయి కాబట్టి తడబడతాం. అందరూ మొదట నేర్పేది ఇదే, కానీ పియానో స్వరకర్త షోపాన్ మాత్రం తన శిష్యులకి బి మేజర్‌తో మొదలుపెట్టించేవాడు. అందులో తెల్ల కీస్ రెండే, బి, ఇ. పొడుగు వేళ్ళు నల్ల కీస్ మీద హాయిగా కూర్చుంటాయి, మొదటి నోటు సంగతి వదిలేస్తే రెండు బొటనవేళ్ళూ ఒకేసారి ఆ తెల్లవాటిమీదే పడతాయి. ఒక్కసారి వాయించి చూడండి, నాకైతే మొదటిసారి చేసినప్పుడు ఇన్నాళ్ళూ ఇది ఎవరూ ఎందుకు చెప్పలేదా అని బాధేసింది.

సి మేజరే చెయ్యాలంటే మధ్య సి నుంచి రెండు చేతులూ చెరోవైపుకి తీసుకెళ్ళండి, అప్పుడు వేళ్ళు అద్దంలో చూసినట్టు కలిసి నడుస్తాయి.

అరగంట మాత్రం ఎక్కువే. పది నిమిషాలు చాలు, ఒక్క స్కేలు, ఈ వారం మీ పాట ఏ కీలో, అంటే ఏ స్కేలు మీద, ఉందో అదే, బొటనవేలు పడ్డచోట నోటు గట్టిగా మోగుతోందా లేదా అని వింటూ. వినకుండా చేసేది సాధన కాదండీ. ముంజేయి నొప్పెడితే వెంటనే ఆపెయ్యండి, ఓర్చుకుని చెయ్యొద్దు.

నల్లమెట్టు:
పాట కీలోనే అంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ ఆ సొనాటాలో పరుగుల్నే సాధన చేస్తే స్కేలూ వచ్చేస్తుంది కదా?

నిదానం:
ఆ ఒక్క కీలో వస్తుంది. మిగతా పదకొండు మేజర్ కీలకీ ఒక్కో పాట దొరికేదాకా ఆగుతారా?

కొత్తవేళ్ళు:
ఇప్పుడే బి మేజర్ వాయించా. నల్ల కీస్ ఎక్కువున్నాయని దాని జోలికే పోలేదు ఇన్నాళ్ళూ, చెయ్యి నిజంగానే తేలిగ్గా వెళ్ళింది. కానీ బొటనవేలు పడ్డ ప్రతిచోటా నోటు దబ్‌మంటోంది, ముందెప్పుడూ గమనించనేలేదు. రేపు క్లాసులో టీచర్‌కి ఇదే చూపించి అడుగుతా.