యూసీలో పోస్ట్‌డాక్: వెళ్లాలా, వద్దా?

మంజీర: హైదరాబాద్‌లో బయాలజీ పీహెచ్‌డీ అయిపోయింది. వయసు 31. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) శాన్‌డియేగో క్యాంపస్‌లో రెండేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ఆఫర్ వచ్చింది, ఏడాదికి 70 వేల డాలర్లు. ఇక్కడ జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీ కూడా రమ్మంటోంది. "ఇంకెన్నాళ్లు చదువుతావ్" అంటున్నారు మా ఆయన. అది చదువు కాదు, ఉద్యోగమని చెప్పలేక చస్తున్నా. వెళ్లమంటారా?

చుండూరు: వద్దండీ. నేను అమెరికాలో వేరే యూనివర్సిటీలో నాలుగేళ్లు చేశాను, పేరెందుకు లెండి. మా పీఐ, అంటే ల్యాబ్ నడిపే ప్రొఫెసర్, ఆదివారం రాత్రి పదకొండింటికి మెయిల్ పెట్టి, పొద్దున్నే మీటింగ్‌లో డేటా ఏదీ అనేవాడు. చివరికి మా జీతాలొచ్చే పరిశోధన గ్రాంటు రెన్యూ కాలేదని రెండు నెలల ముందు చెప్పాడు. వీసా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉన్నప్పుడు ఎవరు నోరెత్తుతారు? పెట్టె సర్దుకుని వచ్చేశాను.

సిక్కోలు చిన్నోడు: మీకు జరిగింది అన్యాయమే గానీ, అన్ని చోట్లా అంతే అనకండి. నేను యూసీలోనే ఉన్నాను. ఇక్కడ పోస్ట్‌డాక్‌లకు యూనియన్ ఉంది. 2022 నవంబరులో పది క్యాంపస్‌లలో పోస్ట్‌డాక్‌లు, టీచింగ్ అసిస్టెంట్లు, విద్యార్థి పరిశోధకులు అందరూ కలిపి 48 వేల మంది సమ్మెకు దిగి జీతాలు పెంచుకున్నారు. కనీస జీతం ఒప్పందంలో రాసి ఉంటుంది, పీఐ దయ మీద ఆధారపడదు. మెలిక ఎక్కడంటే, ఆ స్కేలు అన్ని క్యాంపస్‌లకూ ఒకటే. అద్దెలు తక్కువుండే మెర్సెడ్ క్యాంపస్‌లో దాంతో ఇద్దరు బతకొచ్చు. నాకు చేతికొచ్చేది నెలకు 4,600 డాలర్లు, అద్దెకే 2,400 పోతోంది. ఇంకోటి, పోస్ట్‌డాక్‌గా మొత్తం ఐదేళ్లే ఉండనిస్తారు. వేరేచోట చేసిన ఏళ్లూ ఆ లెక్కలోకే వస్తాయి.

చుండూరు: యూనియన్ జీతం పెంచుతుంది సరే, గ్రాంటు తెస్తుందా? 2025లో లాస్ ఏంజెలెస్ క్యాంపస్ యూసీఎల్‌ఏకి 58 కోట్ల డాలర్లకు పైగా పరిశోధన గ్రాంట్లు అమెరికా ప్రభుత్వం ఒక్కసారిగా ఆపేసింది. కోర్టుకెళ్తే గానీ కదల్లేదు. అదీ యూసీయేగా?

పాత కాపు: ఇంత వాదించారు, ఆ అమ్మాయికి ఏం కావాలో ఒక్కరూ అడగలేదు. కంపెనీ ఉద్యోగమే చేసేట్టయితే ఇప్పుడే చేరిపో. ప్రొఫెసర్ కావాలంటే లెక్క వేరు. ఐఐటీల్లో గ్రేడ్ వన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు, రెండేళ్ల పోస్ట్‌డాక్ లెటర్ ఒక్కటే చాలదు. ఇక్కడే రీసెర్చ్ అసోసియేట్‌గా చేస్తే నెలకు 58 వేల రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ. అదీ టైముకి పడితే. సెలెక్షన్ కమిటీల్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా: ఫారిన్ పోస్ట్‌డాక్ ఉందా అని ఎవరూ పైకి అడగరు, సీవీ మీద వేలు మాత్రం ముందు అక్కడికే పోతుంది. యూనివర్సిటీ పేరు పక్కన పెట్టి, ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో పాత సభ్యుల పేజీ తెరువమ్మా. ఎవరెక్కడ తేలారో చూడు.

మంజీర: చూశాను సార్. పదకొండు మందిలో ఇద్దరు ప్రొఫెసర్లు, ఆరుగురు అక్కడి బయోటెక్ కంపెనీల్లో. ముగ్గురి పేర్ల పక్కన ఏమీ రాయలేదు. వాళ్లలో ఒకావిడ లింక్డ్‌ఇన్‌లో దొరికితే మెసేజ్ పెట్టాను. చూసినట్టుంది, జవాబైతే రాలేదు. ఆఫర్‌కి శుక్రవారం దాకా గడువు.